సుదర్శన్‌కు నోబెల్ బాకీ ఉందా?

అక్టోబరు మొదటివారంలో స్టాక్‌హోమ్ నుంచి నోబెల్ పేర్లు వెలువడగానే మన పత్రికల్లో రెండు రకాల వార్తలు పడతాయి. వచ్చినవాళ్ల గురించి ఒకటి, రావాల్సి ఉండీ రానివాళ్ల గురించి ఇంకొకటి. ఆ రెండో వరసలో తెలుగువాళ్లం ఎల్లాప్రగడ సుబ్బారావును తలుచుకుంటాం, బెంగాలీలు సత్యేంద్రనాథ్ బోస్‌ను, మలయాళీలు ఇ.సి.జి. సుదర్శన్‌ను. మొదటి ఇద్దరి తరఫున వకాల్తా పుచ్చుకునేది ఎక్కువగా మనమే. సుదర్శన్ తన వాదన తానే వినిపించుకున్నారు, ఉత్తరాలు రాసి మరీ.

ఆయన వైపు మాట్లాడేవాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు. 1957 నాటి తగువునూ 1963 నాటి తగువునూ కలిపి ఒకే మూట కట్టి, దానిమీద ‘అన్యాయం’ అని చీటీ అంటిస్తారు. అవతలివాళ్లు చేసేదీ అదే, కాకపోతే వాళ్ల చీటీ మీద ‘అలవాటైన ఫిర్యాదు’ అని ఉంటుంది. నాకు తెలిసినంతలో ఈ రెండు తగువుల బలం ఒకటి కాదు. మొదటిదాంట్లో న్యాయం చాలావరకు సుదర్శన్ వైపు ఉంది, కానీ అక్కడ నోబెల్ ప్రస్తావన నిలవడం కష్టం. రెండోదాంట్లో నోబెల్ నిజంగానే ఇచ్చారు, కానీ అక్కడ ఆయన అడిగినంత న్యాయం ఆయన వైపు లేదు.

మనిషి గురించి ముందు నాలుగు మాటలు. 1931 సెప్టెంబరు 16న కొట్టాయం దగ్గర పల్లంలో, సిరియన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. పూర్తి పేరు ఎన్నక్కల్ చాండీ జార్జ్ సుదర్శన్. కొట్టాయంలో సి.ఎం.ఎస్. కాలేజీ, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ, ఆపైన బొంబాయిలో భాభా నడుపుతున్న టాటా ఇన్‌స్టిట్యూట్. అక్కడికి అతిథిగా వచ్చిన అమెరికన్ సిద్ధాంతవేత్త రాబర్ట్ మార్షాక్ ఈ కుర్రాణ్ని గమనించారు. 1955లో సుదర్శన్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ యూనివర్సిటీకి మార్షాక్ దగ్గర పీహెచ్‌డీ చెయ్యడానికి వెళ్లారు. తర్వాత హార్వర్డ్‌లో ష్వింగర్ దగ్గర కొంతకాలం, మళ్లీ రోచెస్టర్, సిరక్యూస్, 1969 నుంచి ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ. 2018 మేలో ఆస్టిన్‌లోనే కన్నుమూశారు.

ఇక 1957. న్యూట్రాన్ ఒకటి ప్రోటాన్‌గా మారిపోతూ ఒక ఎలక్ట్రాన్‌నూ ఒక యాంటీన్యూట్రినోనూ వదలడాన్ని బీటా క్షయం అంటారు. 1934లో ఫెర్మి దీనికి లెక్క కట్టారు. దీని వెనక ఉన్న బలం వీక్ ఫోర్స్. ఆ బలానికి గణితరూపం ఎలా ఉండాలన్న దానికి ఐదు అవకాశాలున్నాయి. స్కేలర్, వెక్టర్, టెన్సర్, యాక్సియల్ వెక్టర్, సూడోస్కేలర్ అనే ఈ ఐదింటినీ భౌతికవేత్తలు ముద్దుగా ఎస్, వి, టి, ఏ, పి అని పిలుచుకునేవారు. ప్రకృతి ఈ ఐదింటిలో వేటిని ఎంచుకుందన్నది ఇరవయ్యేళ్లకు పైగా తేలలేదు. ఒక ప్రయోగం ఎస్, టి అంటుంది, ఇంకొకటి వి వైపు లాగుతుంది. పైగా 1956లో లీ, యాంగ్ అనే ఇద్దరు చైనా యువకులు వీక్ ఫోర్స్‌కు కుడిఎడమల తేడా ఉండొచ్చునని అనుమానించారు. 1957 మొదట్లో చియెన్ షియుంగ్ వూ ప్రయోగం అది నిజమేనని తేల్చింది. దాంతో గందరగోళం రెట్టింపైంది.

సుదర్శన్ చేసిన పని పైకి చూస్తే గుమాస్తా పనిలా ఉంటుంది. అప్పటిదాకా అచ్చయిన బీటా క్షయం ప్రయోగాల, మ్యూయాన్, పయాన్ అనే కణాల ప్రయోగాల ఫలితాలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటీ సరిచూశారు. అన్నిటికీ ఒకే బలం పనిచేస్తుందనుకుంటే వి, ఏ రెండూ సమానంగా, మధ్యలో మైనస్ గుర్తుతో కలవాలి, ఇంకో దారి లేదని తేల్చారు. అదే ‘వి మైనస్ ఏ’ సిద్ధాంతం. చిక్కేమిటంటే నాలుగు ప్రయోగాలు దీనికి అడ్డొచ్చాయి. హీలియం-6 కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్, న్యూట్రినో ఏయే దిశల్లో వస్తాయన్నది ఒకటి. మ్యూయాన్ నుంచి పుట్టే ఎలక్ట్రాన్ ఎటువైపు తిరుగుతుందన్నది రెండోది. పయాన్ నేరుగా ఎలక్ట్రాన్‌గా క్షయించడం కనపడకపోవడం మూడోది. స్పిన్ ఒకే దిశకు తిప్పిపెట్టిన న్యూట్రాన్ల క్షయంలో కనిపించే అసమానత నాలుగోది. పీహెచ్‌డీ ఇంకా చేతికి రాని పాతికేళ్ల విద్యార్థి, ఈ నాలుగూ తప్పయి ఉండాలి, మళ్లీ చేసి చూడండి అన్నారు.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది, ఎందుకంటే ఆ ధైర్యం ఎంతటిదో మూడో ప్రయోగం చూస్తే తెలుస్తుంది. పయాన్ మామూలుగా మ్యూయాన్‌గా మారుతుంది. యాక్సియల్ వెక్టర్ లెక్క ప్రకారం దాదాపు పదివేలలో ఒకసారి అది ఎలక్ట్రాన్‌గా మారాలి. అంత తరచుగా జరగడం లేదని 1957లో పేరున్న ప్రయోగశాస్త్రజ్ఞులు ప్రకటించి ఉన్నారు. మరుసటి ఏడాది జెనీవాలో సెర్న్‌వాళ్లు తమ కొత్త సింక్రోసైక్లోట్రాన్‌తో వెతికితే ఆ క్షయం దొరికింది, దరిదాపు లెక్క చెప్పినంత మోతాదులోనే. సెర్న్ పేరు ప్రపంచానికి మొదట వినిపించిన ఫలితాల్లో అదొకటి. మిగతా మూడు ప్రయోగాలూ ఒకదాని తర్వాత ఒకటి సర్దుకున్నాయి. నాలుగింటికి నాలుగూ! సిద్ధాంతం ప్రయోగానికి తలవంచాలని బడిలో నేర్చుకున్నవాళ్లకు ఇది కాస్త మింగుడుపడని కథే.

మరి పేరు ఎక్కడ పోయింది? 1957 ఏప్రిల్‌లో రోచెస్టర్‌లోనే పెద్ద సమావేశం జరిగింది. దాన్ని మొదలుపెట్టి నడిపిస్తున్నది సాక్షాత్తూ మార్షాక్. సుదర్శన్ విద్యార్థి కాబట్టి మాట్లాడే అవకాశం రాలేదు. మార్షాక్ వేరే అంశం మీద మాట్లాడాల్సి ఉంది. ఈ సంగతి ప్రస్తావించమని చెప్పిపెట్టిన అతిథి ప్రొఫెసర్ దాన్ని ప్రస్తావించలేదు. జులైలో మార్షాక్ ర్యాండ్ కార్పొరేషన్ పనిమీద కాలిఫోర్నియా వెళ్తూ శిష్యుణ్ని వెంటబెట్టుకెళ్లారు. అక్కడ ఒక మధ్యాహ్నభోజనానికి కాల్‌టెక్ నుంచి ముర్రే గెల్-మన్, బీటా క్షయంలో ఆరితేరిన ప్రయోగశాస్త్రజ్ఞుడు ఫెలిక్స్ బోమ్ వచ్చారు. సుదర్శన్ తన వాదనంతా వాళ్లకు చెప్పారు. తన కొత్త కొలతలు దీనికి విరుద్ధంగా లేవని బోమ్ అన్నారు.

ఆ వేసవి చివర రిచర్డ్ ఫైన్‌మన్ బ్రెజిల్ నుంచి తిరిగొచ్చి, బీటా క్షయం సంగతులేమిటని కాల్‌టెక్ ప్రయోగశాలలో అడిగారు. అంతా అయోమయంగా ఉంది, గెల్-మన్ అయితే వి, ఏ కూడా కావొచ్చంటున్నాడని అక్కడివాళ్లు చెప్పారు. అలా చెప్పిన ముగ్గురిలో బోమ్ ఒకరు. ఫైన్‌మన్‌కు ఆ ఒక్కముక్క చాలింది. తన జీవితంలో మొదటిసారి, ఇంకెవరికీ తెలియని ప్రకృతి నియమం ఒకటి తనకు తెలిసిందనిపించిందని ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. అదే నియమాన్ని కొన్ని వారాల ముందు ఒక భారతీయ విద్యార్థి భోజనాల బల్ల దగ్గర వివరించాడని అప్పటికి ఆయనకు తెలియదన్నమాట. గెల్-మన్ కూడా విడిగా రాసుకుంటున్నారు. ఒకే డిపార్ట్‌మెంట్ నుంచి రెండు పేపర్లెందుకని పైవాళ్లు అనడంతో ఇద్దరూ కలిసి ఒకటే రాశారు. అది 1957 సెప్టెంబరు 16న ‘ఫిజికల్ రివ్యూ’కు చేరింది. యాదృచ్ఛికమే, కానీ అది సుదర్శన్ ఇరవయ్యారో పుట్టినరోజు. సరిగ్గా ఆ తర్వాతి వారం ఇటలీలో జరిగిన పాదువా-వెనిస్ సమావేశంలో మార్షాక్ తామిద్దరి పేపర్ చదివారు. ఫైన్‌మన్, గెల్-మన్‌ల పేపర్ 1958 జనవరి 1 సంచికలో వచ్చింది. సుదర్శన్, మార్షాక్‌ల పేపర్ సమావేశ సంపుటంలో చేరింది. అలాంటి సంపుటాలు ఎప్పుడొస్తాయో, వచ్చాక ఎవరు చదువుతారో మనకు తెలిసిందే. వాళ్లు ‘ఫిజికల్ రివ్యూ’లో చిన్న నోట్ ఒకటి వేసేసరికి మార్చి వచ్చింది.

అవతలి పక్షం చెప్పేది కూడా తీసిపారేయలేం. ముందుగా, పత్రికకు అందిన తేదీ వాళ్లదే ముందు. శాస్త్రంలో ఎవరు ముందన్నదానికి కాగితం తేదీ తప్ప వేరే తూనికరాయి లేదు. భోజనాల దగ్గర అనుకున్నవన్నీ లెక్కలోకి తీసుకుంటే ఏ తగువూ తెగదు. ఇంకొకటి, కాల్‌టెక్ పేపర్‌లో వి మైనస్ ఏ ఒక్కటే లేదు. వెక్టర్ కరెంట్ విద్యుదావేశం లాగే నిత్యంగా ఉంటుందన్న ఊహ అందులో ఉంది. సోవియట్ యూనియన్‌లో గెర్ష్టీన్, జెల్డోవిచ్ అంతకుముందే ఆ మాట అన్నారనుకోండి, అయినా దాన్ని ఈ సిద్ధాంతంతో ముడిపెట్టి దారి చూపించింది ఫైన్‌మన్, గెల్-మన్‌లే. గెల్-మన్ అప్పటికే వి, ఏల గురించి ఆలోచిస్తున్నారన్నది ఆ వైపు కథనం. మార్షాక్, సుదర్శన్‌లతో జరిగిన విలువైన చర్చలకు గెల్-మన్ పేపర్ చివర కృతజ్ఞత కూడా చెప్పుకున్నారు. దాచిపెట్టిన దొంగతనమైతే ఆ వాక్యం అక్కడ ఉండదు.

అయినా ఈ తూకంలో నా మొగ్గు సుదర్శన్ వైపే. నాలుగు ప్రయోగాలను కాదని చెప్పే స్థాయికి సమగ్రంగా పరిశీలన చేసింది ముందు ఆయన. ఆ సంగతి విన్నవాళ్ల ద్వారానే రెండో పేపర్‌కు ఊపిరి అందింది. ఆ సిద్ధాంతాన్ని కనిపెట్టింది సుదర్శన్, మార్షాక్‌లని, తామిద్దరం ప్రచారం చేశామని ఫైన్‌మన్ తర్వాతి కాలంలో బహిరంగంగానే అన్నారు. పోటీదారుడే ఒప్పుకున్నాక ఎవరు ముందన్న విషయంలో వాదించడానికి మిగిలిందేమీ లేదు. పత్రికకు వెంటనే పంపకపోవడం తమ తప్పేనని మార్షాక్ కూడా ఒప్పుకున్నారు. నిజం చెప్పాలంటే, 1957లో సుదర్శన్‌కు ఎక్కువ నష్టం జరిగింది శత్రువుల వల్ల కాదు. గురువు గారి మర్యాదల వల్ల, తొందరపడని స్వభావం వల్ల.

మన దగ్గర ఈ కథ చెప్పేటప్పుడు ‘చర్మం రంగు’ మాట కూడా దొర్లుతుంది. ఆ రోజుల అమెరికాలో వివక్ష లేదని ఎవరూ అనరు. కానీ అదే 1957 అక్టోబరులో లీ, యాంగ్‌లకు నోబెల్ వచ్చింది, పేపర్ అచ్చయిన ఏడాదికే. లీకి అప్పటికి ముప్పయ్యొక్కటి కూడా నిండలేదు. వాళ్ల పేపర్ ‘ఫిజికల్ రివ్యూ’లో ఉంది, సుదర్శన్ పేపర్ పాదువాలో ఉంది. రంగుకన్నా ఈ తేడాయే ఎక్కువ చెబుతుందని నాకనిపిస్తుంది. విద్యార్థి హోదా కూడా చాలా చెబుతుంది.

ఇక నోబెల్ విషయం. వి మైనస్ ఏకు నోబెల్ ఎవరికీ రాలేదు. ఫైన్‌మన్‌కు 1965లో వచ్చింది క్వాంటమ్ ఎలక్ట్రోడైనమిక్స్‌కు, గెల్-మన్‌కు 1969లో వచ్చింది కణాల వర్గీకరణకు. పైగా ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరు, ఇక్కడ హక్కుదారులు నలుగురు. 1979లో గ్లాషో, సలామ్, వైన్‌బర్గ్‌లకు ఇచ్చినప్పుడు, కింది అంతస్తు కట్టినవాణ్ని వదిలి పై అంతస్తు కట్టినవాళ్లకు ఇస్తారా అని సుదర్శన్ తర్వాతెప్పుడో ప్రశ్నించారు. బాధ అర్థమవుతుంది. కానీ ఆ ముగ్గురూ వీక్ ఫోర్స్‌ను విద్యుదయస్కాంత బలంతో ఏకం చేశారు, అది వేరే పని. అలా లెక్కపెడితే ఫెర్మి దాకా కిందికి దిగుతూనే పోవాలి. 1957 విషయంలో సుదర్శన్‌కు బాకీ పడింది పాఠ్యపుస్తకాలే. దశాబ్దాలపాటు చాలా పుస్తకాలు ఆ సిద్ధాంతం పక్కన రెండు పేర్లే రాశాయి.

1963 తగువు వేరు. లేజర్ వచ్చి మూడేళ్లయింది. బల్బు కాంతికీ లేజర్ కాంతికీ తేడాను ఏ గణితంలో చెప్పాలన్నది ప్రశ్న. హార్వర్డ్‌లో రాయ్ గ్లౌబర్, పాత తరంగశాస్త్రం చాలదు, ఫోటాన్లను పట్టే పరికరంతో సహా అంతా క్వాంటమ్ పద్ధతిలో రాయాలి అన్నారు. ఫిబ్రవరిలో చిన్న పేపర్ వేశారు. రోచెస్టర్‌లో ఎమిల్ వోల్ఫ్, అప్పటికి లండన్‌లో ఉన్న లెనర్డ్ మాండెల్ పాత పద్ధతితోనే చాలా దూరం వెళ్లొచ్చంటున్నారు. ఏప్రిల్ 1న సుదర్శన్ పేపర్ వచ్చింది. కాంతి ఏ స్థితిలో ఉన్నా దాన్ని కోహెరెంట్ స్టేట్స్ అనే ప్రత్యేక స్థితుల మిశ్రమంగా రాయొచ్చు, అప్పుడు క్వాంటమ్ సూత్రం పాత సూత్రంలాగే కనిపిస్తుందని అందులో చూపించారు. అయితే మిశ్రమంలో ఒక్కో స్థితికి ఇచ్చే భారం కొన్నిసార్లు రుణసంఖ్య కూడా అవుతుంది. మామూలు సంభావ్యత ఎప్పుడూ అలా అవదు. అలా రుణసంఖ్య వచ్చినచోటే అసలైన క్వాంటమ్ కాంతి ఉన్నట్టు గుర్తు. చిన్న పేపరే, కానీ ఇవాళ్టికీ రంగంలో రోజూ వాడే పనిముట్టు. సెప్టెంబరులో అచ్చయిన గ్లౌబర్ పెద్ద పేపర్‌లో అదే సూత్రం ‘పి-రిప్రజెంటేషన్’ పేరుతో ఉంది. ఆ పేపర్ పత్రికకు చేరింది ఏప్రిల్ చివర, అంటే సుదర్శన్ పేపర్ బయటికొచ్చాక. ఇవాళ పుస్తకాల్లో దాన్ని గ్లౌబర్-సుదర్శన్ పి-రిప్రజెంటేషన్ అంటారు.

2005లో నోబెల్ సగం గ్లౌబర్‌కు, మిగతా సగం లేజర్ కొలతలు చేసిన జాన్ హాల్, థియడోర్ హెన్ష్‌లకు ఇచ్చారు. సుదర్శన్ నోబెల్ కమిటీకి ఘాటుగా లేఖ రాశారు. మరికొందరు భౌతికవేత్తలు కూడా నిరసన తెలిపారు. ఆయన వాదన సారాంశం: క్వాంటమ్ ఆప్టిక్స్‌కు పునాది ఆ సూత్రం, ఆ సూత్రం నాది, గ్లౌబర్ మొదట దాన్ని విమర్శించి తర్వాత వేరే పేరుతో వాడుకున్నారు.

ఇందులో సూత్రం వరకు తేదీలు సుదర్శన్ వైపే ఉన్నాయి. కమిటీ ఎంచుకున్న ముగ్గురి కూర్పు కూడా విధి రాసినది కాదు, రెండు వేర్వేరు పనులను ఒకే ఏడాది కలిపి మూడు కుర్చీలు నింపింది కమిటీయే. కానీ బహుమతి ఆ ఒక్క సూత్రానికి ఇచ్చింది కాదు. కాంతి కోహెరెన్స్‌కు క్వాంటమ్ సిద్ధాంతం కట్టినందుకు ఇచ్చారు. ఫోటాన్ల సహసంబంధాలను మెట్లుమెట్లుగా నిర్వచించింది, ఫోటాన్‌ను పట్టడమంటే ఏమిటో క్వాంటమ్ భాషలో చెప్పింది, ఆ ఏడాది వరసగా వచ్చిన పేపర్లలో పూర్తి కట్టడం లేపింది గ్లౌబర్. ‘క్వాంటమ్ ఆప్టిక్స్ నాది, ఆయన తీసుకున్నారు’ అన్నంత దూరం సుదర్శన్ వాదన సాగదు. ఇద్దరి పేర్లూ ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఒకరిదే ఉంచాల్సి వస్తే గ్లౌబర్‌ది ఉంచడం కూడా తప్పు కాదు. 1957 బాధ మానకుండా ఉండటం వల్లే 2005 లేఖకు అంత ఘాటు వచ్చిందనుకుంటాను.

ఈ నోబెల్ వ్యవహారం వల్ల మరుగున పడిన పని చాలా ఉంది. 1962లో బిలన్యుక్, దేశ్‌పాండేలతో కలిసి కాంతికన్నా వేగంగా పోయే కణాలు సాపేక్ష సిద్ధాంతానికి విరుద్ధం కానక్కర్లేదన్నారు. వాటికి ‘టాకియాన్’ అన్న పేరు తర్వాత జెరల్డ్ ఫైన్‌బర్గ్ పెట్టారు. అలాంటి కణమేదీ నేటివరకు దొరకలేదు. 1977లో బైద్యనాథ్ మిశ్రాతో కలిసి, క్షయించే క్వాంటమ్ వ్యవస్థను అదేపనిగా గమనిస్తూ ఉంటే దాని క్షయం ఆగిపోతుందని గణితంతో చూపించి, దానికి గ్రీకు తత్త్వవేత్త జీనో పేరు పెట్టారు. 1990లో అమెరికాలో ఐటానో బృందం అయాన్ల మీద ప్రయోగంలో ఆ ప్రభావం చూసింది. ఏ అంశం మీదా కుదురుగా నిలవకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లిపోతారని గిట్టనివాళ్లు అనేవారు. నిలిచి తవ్వినవాళ్లకే బహుమతులు వస్తాయన్నది నిజమే. అయితే మూడు నాలుగు రంగాల్లో మొదటి పేపర్ రాసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఆయన మన వైపు చేసిన పనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు. మద్రాసులో మ్యాట్‌సైన్స్ అనే గణితశాస్త్ర పరిశోధన సంస్థను 1962లో స్థాపించినవారు అల్లాడి రామకృష్ణన్. నెల్లూరు జిల్లా నుంచి మద్రాసు వెళ్లి స్థిరపడిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కొడుకు. మైలాపూరులోని తమ ఇంట్లోనే సెమినార్లు నడిపి, విదేశీ భౌతికవేత్తలను కుర్రాళ్ల ముందు కూచోబెట్టి, నెహ్రూ మద్దతుతో దాన్ని సంస్థగా మార్చారు. ఆయన రిటైరయ్యాక 1984లో డైరెక్టర్‌గా వచ్చింది సుదర్శన్. ఒక కాలు ఆస్టిన్‌లో, ఒక కాలు మద్రాసులో పెట్టుకుని ఆరేడేళ్లు నడిపారు. సగం సమయం లేని డైరెక్టర్ ఏం నడుపుతాడని గొణిగినవాళ్లున్నా, కంప్యూటర్ సైన్స్ సిద్ధాంత విభాగం అక్కడ వేళ్లూనుకున్నది ఆ రోజుల్లోనే. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సైద్ధాంతిక అధ్యయన కేంద్రం పుట్టుక వెనక కూడా ఆయన ఉన్నారు. 1976లో పద్మభూషణ్, 2007లో పద్మవిభూషణ్ వచ్చాయి. 2010లో ఇటలీలోని ట్రియెస్ట్ భౌతికశాస్త్ర కేంద్రంవాళ్లు డిరాక్ పతకం ఇచ్చారు.

పేర్ల లెక్కలో ఇంకొక సంగతి మిగిలింది. క్వాంటమ్ కంప్యూటర్‌లో క్యూబిట్ తన చుట్టుపక్కల పరిసరాల తాకిడికి ఎలా చెడిపోతుందో లెక్క కట్టేవాళ్లంతా ఇవాళ ఒక సమీకరణం వాడతారు. 1976లో గొరీని, కొస్సకౌస్కీ, సుదర్శన్ కలిసి ఒక పేపర్‌లో, యోరాన్ లిండ్‌బ్లాడ్ విడిగా ఇంకొక పేపర్‌లో దాన్ని రాశారు. మాటల్లో చాలామంది ‘లిండ్‌బ్లాడ్ సమీకరణం’ అనేసి ఊరుకుంటారు. ఓపికున్నవాళ్లు నలుగురి పేర్లూ కలిపి చెబుతారు. ఆ దారికి మొదటి అడుగు 1961లోనే పడింది, ‘ఫిజికల్ రివ్యూ’లో వచ్చిన ఒక పేపర్‌తో. దానికి రచయితలు ముగ్గురు: సుదర్శన్, పి.ఎం. మాథ్యూస్, జయసీత రావు. మాథ్యూస్ అల్లాడి రామకృష్ణన్ దగ్గర పనిచేసినవారు. మన ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థులు క్వాంటమ్ మెకానిక్స్‌కు చదువుకునే మాథ్యూస్-వెంకటేశన్ పుస్తకం ఆయనదే కాబట్టి ఆ పేరు తెలిసినవాళ్లు వేలల్లో ఉంటారు. జయసీత రావు పేరు మాత్రం సుదర్శన్‌కు జరిగిన అన్యాయం మీద వచ్చిన వ్యాసాల్లో నాకు కనబడలేదు.